శుచిని బోధించుట

శుశ్రూషావిద్య నభ్యసింప క్రొత్తగా వచ్చిన విద్యార్థులకు శరీరశుచిని గూర్చి పాఠము చెప్పబూనినప్పుడు, స్నానము, గోళ్లు తీయుట, ఉతికిన బట్ట కట్టుట పసినాడే తల్లి నేర్పినవి గదా యని వారు ఒకరి మొగము నొకరు చూచుకొందురు. తల్లి నేర్పినది తనకొరకైన శుచి. వార్డులో నడుగిడినవారికి గావలసినది పరులకొరకైన శుచి. ఈ రెంటి నడుమనున్న దూరమును దాటించుటయే గురువు పని.

ఈ బోధ మనకు క్రొత్త కాదు. సుశ్రుతసంహిత సూత్రస్థానమున పదియవ యధ్యాయము, విద్య ముగించి చికిత్సకు వెడలు వైద్యుడు గోళ్లను, రోమములను పొట్టిగా తీయించుకొని, శుచియై, తెల్లని వస్త్రము ధరించి, ఆడంబరము లేని వేషముతో, కల్యాణమైన మనస్సుతో పోవలెనని విధించినది. వేషమును మనస్సును ఒక్క విధిలోనే చేర్చిన ఆ పెద్దల వివేకము నాకు మిక్కిలి పూజ్యము.

అయినను కంటికి గనబడు శుభ్రత చాలదని లోకమునకు జూపినవాడు సెమ్మెల్వైస్ అను వైద్యుడు. వియన్నా వైద్యశాలలో శవపరీక్ష గావించి ప్రసూతిశాలకు వచ్చు వైద్యుల, విద్యార్థుల చేతులే బాలింతల జ్వరమునకు హేతువని గ్రహించి, 1847లో ఆయన క్లోరిన్ కలిసిన సున్నపునీట చేతులు కడుగుకొనుటను నియమము చేయగా, అంతకు ముందటి యేడు నూటికి పదకొండుగురు బాలింతలు మరణించిన ఆ శాలలో, 1848 నాటికి మృతులు నూటికి ఇద్దరికంటె తక్కువైరి.

ఈ సత్యమును చెప్పుటకంటె చూపుట మేలని నా యనుభవము. అతినీలలోహిత కాంతిలో మెరయు లేపనమును చేతులకు రాయించి, సబ్బుతో కడిగించి, పిదప ఆ దీపము క్రింద నుంచుమన్నచో, బొటనవ్రేలి మొదటను, వ్రేళ్ల సందులను, గోటి యంచులను, ఉంగరము క్రిందను లేపనమింకను మెరయుట చూచి వారు మాటలుడిగి నిలుతురు. అటుపిమ్మట గాజులు, ఉంగరములు తీసి రండని వేరుగా శాసింపనక్కర లేదు. సబ్బుతో కడుగుకొనుటకు 40 మొదలు 60 సెకనులు పట్టవలెనన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమమును, రోగిని తాకుటకు ముందును, తాకిన పిదపను, అతని మంచమును ముట్టిన పిమ్మటను సైతము చేతులు శుభ్రపరచుకొనవలెనన్న విధిని వారు మనసార గ్రహింతురు.

ఇక వేషము. తన దేహమును అపరిచితుల చేతులకప్పగించి పడుకొన్న రోగికి, ముడిచిన కేశములు, ఉతికిన ఏప్రాను, చదువదగిన పేరుపట్టీ ధైర్యము నిచ్చును. ఘాటైన అత్తరు వికారము పుట్టించును. వార్డులో ధరించిన ఏప్రానుతోనే క్యాంటీనునకు, బస్సునకు పోవుట ఆ వస్త్రము నవమానించుటయే. చెమటవాసన మొదలైన లోపములను మాత్రము పదుగురిలో నెత్తిచూపరాదు. ఏకాంతమున పిలిచి మృదువుగా జెప్పవలెను, హాస్టలులో నీళ్లు వచ్చుచున్నవా యని ముందుగా నడుగవలెను.

కావున వైద్యశాలల యధికారులకు నా విన్నపము: ప్రతి వార్డునను నీరు వచ్చు కుళాయిని, సబ్బును ఉంచుడు. పెద్దవైద్యులకు నా విన్నపము: విద్యార్థులు మా పాఠముకంటె మీ చేతులనే యెక్కువగా చూచెదరు, వారి యెదుట, ప్రతి రోగికడను, మీ చేతులు కడుగుకొనుడు.