సీటు బెల్టు చెప్పే సాక్ష్యం

విజయవాడ పటమటను ఆనుకొని ఉన్న ఆటోనగర్‌లో పాత కారును పరీక్షించే మెకానిక్కు పెయింటు మెరుపుతో పని లేదు. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్‌నగర్ వైపు వాహనాలెన్నో నీట నానినందువల్ల, అతడు ముందుగా సీటు బెల్టును చివరికంటా లాగి, కడిగేవారి చెయ్యి అందని ఆ మొదట్లో ఒండ్రు చార ఉన్నదేమో చూస్తాడు. తరువాత బానెట్ బోల్టుల తలలపై పానా గీతలను వెదకుతాడు. గీత ఉంటే, ఆ బోల్టును ఒకసారి విప్పినట్లే. మీటరును వెనక్కి తిప్పారేమోనన్న అనుమానానికి క్లచ్ పెడల్ అరుగుదలే సమాధానం, అంకె కాదు. కాగితాలది వేరే విద్య: హైపోథికేషన్, అనగా ఆర్‌సీపై అప్పిచ్చిన సంస్థ పేరు నమోదై ఉండటం, ఫారం 35 ద్వారా రద్దయిందో లేదో చూసుకోవాలి. ఇంత పరిశీలనకు అతడడిగే కూలి బేరమాడదగినది కాదు.