మిల్లీమీటరు కింద నల్లమాడ

బెంగళూరు ఆఫీసులో ఎవరైనా మీదే ఊరని అడిగితే నల్లమాడ అంటాను. తెలీదంటారు. కదిరి, పుట్టపర్తి దగ్గర అంటే, "ఓ, అక్కడేముంది? రాళ్లే కదా" అంటారు. చాన్నాళ్లు నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు మాత్రం ఆ ప్రశ్ననే సీరియస్‌గా అడగాలనిపిస్తోంది. నిజంగా అక్కడేముంది? ఎంత దూరం నుంచి చూసి చెప్తున్నాం?

ఈ ప్రశ్నకు జవాబు వెతికే పుస్తకాలు నా టేబుల్ మీద మూడున్నాయి. మొదటిది 1915–1936 మధ్య భాగాలుగా వచ్చిన మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షజాల గ్రంథం. గాంబుల్ మొదలుపెడితే ఫిషర్ పూర్తి చేశాడు. ఇందులో మా నేల ఒక పెద్ద రాజ్యంలో చిన్న మూల. రెండోది 1989లో టి. పుల్లయ్య, ఎన్. యశోద రాసిన అనంతపురం జిల్లా ఫ్లోరా. ఇది జిల్లా స్కేల్. మూడోది హైదరాబాద్ రిమోట్ సెన్సింగ్ కేంద్రం సాయంతో కేంద్రప్రభుత్వం తెచ్చిన వేస్ట్‌ల్యాండ్స్ అట్లాస్.

ఈ మూడింటినీ పక్కపక్కన చదవడానికి పనికొచ్చే పరికరాన్ని 1960లో రాబర్ట్ విట్టేకర్ ఇచ్చాడు. ఒక చోట ఎన్ని జాతులున్నాయో అది ఆల్ఫా. ప్రాంతం మొత్తంలో ఎన్నో అది గామా. చోటుకీ చోటుకీ మధ్య తేడా బీటా. ఊహకోసం పది చేలు తీసుకుందాం, ఒక్కోదాంట్లో పది జాతులు. అన్నిట్లో అవే పదైతే మొత్తం పదే. దేనికదే వేరైతే మొత్తం వంద. చేను అంచున నిలబడి లెక్కపెట్టేవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. కోడ్ రాసేవాళ్లకు తెలుసు, యావరేజ్ ఎంత బాగా దాచగలదో.

మా నేల సంపద ఆ బీటాలో ఉంది. మా అవ్వకు విట్టేకర్ తెలీదు. కానీ గురుగాకు చేన్లో, బలుసాకు గుట్టమీద, పొన్నగంటాకు చెమ్మ ఉండేచోట అని తెలుసు. మూడు ఆకులు కావాలంటే మూడు చోట్లకు పోవాల. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో, ఏ చోట తడి ఎన్నాళ్లు నిలుస్తుందో దాన్నిబట్టే అక్కడ ఏది మొలుస్తుందో తేలుతుంది.

జిల్లా ఫ్లోరా చేసే పని మొక్కను గుర్తుపట్టించడం. ఆ పని అది శ్రద్ధగా చేస్తుంది. తప్పు మనం చదివే తీరులో ఉంది. జాబితా పొడుగు చూసి "అన్నీ ఉన్నాయిలే" అనుకుంటాం. ఒక మొక్క వంద వంకల్లో పోయి ఒక్క గుట్టమీద మిగిలినా జాబితాలో పేరు చెరగదు. సర్కారు తుమ్మ వచ్చినప్పుడు జాబితాకి ఒకటి కలిసింది కూడా! కానీ అది కమ్ముకున్న చెరువులన్నీ ఒకే చెరువులా తయారయ్యాయి. వేరుశనగ ఒక్కటే పరుచుకున్న చేలదీ అదే కథ. అంకె పెరుగుతుండగానే తేడా చచ్చిపోవచ్చు. ఇంకోమాట, 2022లో జిల్లా రెండయింది. నల్లమాడ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. ఒక్క మొక్కా కదల్లేదు, జిల్లా గామా మాత్రం మారిపోయింది.

నాకు అసలు పేచీ అట్లాస్‌తో. దాని స్కేల్ 1:50,000. అంటే మ్యాప్‌లో మిల్లీమీటరు నేలమీద యాభై మీటర్లు. మా వంక, దాని గట్టు, గట్టుమీది పొదలు, అవ్వ ఆకు కోసిన చోటు, అన్నీ కలిపి ఒక్క మిల్లీమీటరు కింద ఇమిడిపోతాయి. దట్టమైనవైనా పలచనివైనా పొదల నేలలు అక్కడ వేస్ట్‌ల్యాండ్ లెక్కలోకే వస్తాయి. అట్లాస్ అబద్ధం చెప్పదు, దూరం నుంచి చెప్తుంది. కానీ పేరు పెట్టడం దూరంతో ఆగదు. "వృథా" అన్న నేలని ఎవరికైనా ఇచ్చెయ్యొచ్చు. అక్కడ మేకలు మేపుకునేవాడిని ఎవరూ అడగరు.

సాహిత్యంలో మనం చేసేదీ దీనికి దూరమేం కాదు. "సీమ కథ అంటే కరువు కథ" అనే విమర్శ కూడా 1:50,000 విమర్శే. కరువు నిజమే. అయితే గుట్ట కింది కరువూ చెరువు కింది కరువూ ఒకటి కావు.

ఈసారి ఎవరైనా "అక్కడేముంది?" అంటే నవ్వి ఊరుకోను. ఏ చేను, ఏ వంక, ఏ నెలలో అని ఎదురడుగుతాను.