పికప్‌లో ఓమ్‌ల లెక్క

ఎలక్ట్రిక్ గిటార్ తీగల కింద కనిపించే పికప్‌లో ఉండేది అయస్కాంతం, దాని చుట్టూ తలవెంట్రుకంత సన్నని ఎనామిల్ రాగితీగ చుట్ట. పైన ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం చెదిరి చుట్టలో కాస్త వోల్టేజీ పుడుతుంది. ఇత్తడి, నైలాన్ తీగల కదలికను ఈ పికప్ పట్టుకోలేదు. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ కర్ణాటక కచేరీకి తెచ్చిన ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పలికిందీ ఈ సూత్రంతోనే.

1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్ తరహా పికప్‌లో దాదాపు 8,000 చుట్లుంటాయి. సగటున చుట్టుకు 14 సెంటీమీటర్లు వేసుకున్నా తీగ పొడవు కిలోమీటరు దాటుతుంది. చార్మినార్ దగ్గర ఒక కొస కట్టి విప్పుకుంటూ పోతే మూసీ మీది నయాపూల్ దాకా వస్తుంది. 0.063 మిల్లీమీటర్ల రాగితీగ నిరోధం మీటరుకు ఐదున్నర ఓమ్‌లకు దగ్గర. మొత్తం కలిపి ఆరు కిలో ఓమ్‌లు. గిబ్సన్ ఇంజినీరు సెథ్ లవర్ 1955లో పేటెంటుకు దరఖాస్తు చేసిన హంబకర్‌లో ఇంతకన్నా తక్కువ చుట్లున్న చుట్టలు రెండు వరసగా కలుస్తాయి కాబట్టి అది ఏడున్నర, ఎనిమిది చూపుతుంది.

కొలవడానికి కోఠి గుజరాతీ గల్లీలో దొరికే మామూలు మల్టీమీటర్ చాలు. మీటను 20 కిలో ఓమ్‌ల దగ్గర పెట్టి, గిటార్‌కు కేబుల్ గుచ్చి, రెండో కొసన ఉన్న జాక్ మొనకు ఒక ప్రోబ్, మొదలుకు ఒక ప్రోబ్ తాకించాలి. వాల్యూమ్ పూర్తిగా పెంచి ఉంచాలి, తీగలను అరచేత్తో అదిమి పట్టాలి. అవి కదులుతుంటే పుట్టే వోల్టేజీకి అంకె నిలవదు. ఇలా తీసిన రీడింగ్ అసలుకన్నా కొంచెం తక్కువే వస్తుంది, ఎందుకంటే 250 కిలో ఓమ్‌ల వాల్యూమ్ పాట్ కూడా పక్కనే సమాంతరంగా ఉంటుంది: ఆరు కాస్తా 5.86 అవుతుంది. సెలెక్టర్ స్విచ్ రెండు పికప్‌ల మధ్య ఉంటే సుమారు సగమే వస్తుంది. అది చూసి పికప్ పాడైందని బెంబేలెత్తేవాళ్లు తక్కువేమీ కాదు.

పికప్‌ను గిటార్ నుంచి విడదీసి కొలిచినా మీటర్ అంకె చూపకుండా అనంత నిరోధం సూచిస్తే తీగ ఎక్కడో తెగింది. తెగడం ఎక్కువగా చుట్ట మొదలు బయటి వైరుకు అతికిన చోటే. సున్నా వస్తే షార్ట్. హంబకర్ సగం చూపిస్తే ఒక చుట్ట పనిలో లేదు. లోపల బ్యాటరీతో నడిచే ప్రీఆంప్ ఉన్న యాక్టివ్ పికప్‌ను మాత్రం ఈ పద్ధతిలో తూచలేం.

హైదరాబాద్ ఎండ కూడా లెక్కలోకి రావాలి. డిగ్రీ సెల్సియస్‌కు రాగి నిరోధం దాదాపు 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర ఆరు కిలో ఓమ్‌లున్న పికప్ మే నెలలో 42 డిగ్రీల రేకుల గదిలో ఆరున్నర చూపుతుంది. పికప్ అదే, చుట్లు అవే. ఇలాంటి అర కిలో ఓమ్ తేడా మీద ధరలు నిర్ణయించే అమ్మకందార్లు, అది చూసి ఎగబడే కొనుగోలుదార్లు ఇద్దరూ ఉన్నారు.

అంకె పెద్దదైతే శబ్దం పెద్దదన్న నమ్మకం మరీ మొండిది. టెలికాస్టర్ మెడ వైపు పికప్‌కు 0.056 మిల్లీమీటర్ల ఇంకా సన్నని తీగ వాడతారు. ఓమ్‌ల్లో అది బ్రిడ్జి వైపు దానితో సమానంగానో, ఎక్కువగానో ఉంటుంది, గొంతు మాత్రం మెత్తన. స్వరానికి రెసిస్టెన్స్ కన్నా ఇండక్టెన్స్ ముఖ్యం. స్ట్రాటోకాస్టర్ పికప్ ఇండక్టెన్స్ 2.4 హెన్రీలు అనుకుంటే, 1,000 హెర్ట్జ్ దగ్గర దాని అడ్డంకి 15 కిలో ఓమ్‌లు, రాగి నిరోధానికి రెండున్నర రెట్లు. అయిదు మీటర్ల కేబుల్ కెపాసిటెన్స్ తోడైతే సుమారు 4,200 హెర్ట్జ్ దగ్గర స్వరం ఉబుకుతుంది. 4.5 హెన్రీల హంబకర్‌లో ఆ ఉబుకు 3,000 దగ్గరికి దిగుతుంది. దాని గొంతు బరువుగా ఉండటానికి ఓ కారణం ఇదే. అయస్కాంతం రకం, దాని బలం, తీగకూ పికప్‌కూ మధ్య ఎడం: వీటి గురించి మల్టీమీటర్ నోరు విప్పదు.

పాతబస్తీలో ఫ్యాన్లు, మోటార్లు రీవైండ్ చేసే ఉస్తాద్‌ల చేత పికప్ చుట్టించే ఆలోచన ఉంటే గేజ్ దగ్గర జాగ్రత్త. గిటార్ పుస్తకాల్లోని 42 నంబర్ అమెరికన్ గేజ్, అంటే 0.063 మిల్లీమీటర్లు. ఇక్కడి వైండింగ్ దుకాణాల్లో నడిచేది బ్రిటిష్ ఎస్‌డబ్ల్యూజీ. అందులో 42 అంటే 0.10 మిల్లీమీటర్లు. అది తెచ్చి చుడితే 8,000 చుట్లు బాబిన్‌లో పట్టవు, పట్టినా రెండున్నర కిలో ఓమ్‌లు రావు. దగ్గరి నంబర్ 46. సీలింగ్ ఫ్యాన్‌కు వాడే 36 నంబర్ తీగతో అలవాటుపడ్డ చేతికి ఇది సాలెపోగులాంటిది, కొంచెం బిగిస్తే తెగుతుంది. నంబర్ బదులు మిల్లీమీటర్లు చెప్పి, చుట్లు ఎన్నో కాగితం మీద రాసివ్వడం మేలు.

చుట్టిన దిశను ఓమ్‌లు చెప్పవు. దానికి పాతకాలపు ముల్లు మీటర్ పనికొస్తుంది. అతి తక్కువ డీసీ రేంజిలో పెట్టి, అయస్కాంతం మీద స్క్రూడ్రైవర్ ఆనించి ఠక్కున లాగితే ముల్లు ఒక పక్కకు ఎగురుతుంది. రెండు పికప్‌లకూ ఒకే పక్కకు ఎగిరితే సరే. ఎదురు పక్కలకు ఎగిరితే రెండూ కలిసి మోగినప్పుడు గొంతు పీలగా వస్తుంది. ఒకదాని వైర్లు రెండూ తారుమారు చేసి అతకాలి. లోహపు మూత ఉన్న పికప్‌కైతే ముందు ఆ మూత గ్రౌండ్ వైరును విడదీయాలి.