దారి చూపేవాళ్ల చెవి

మున్నార్ వెళ్లొచ్చిన మనవాళ్ల ఫోన్లలో టీ తోటలుంటాయి, మబ్బులుంటాయి, వాటి ముందు నిలబడ్డ కుటుంబం ఉంటుంది. పిట్ట మాత్రం ఒక్కటీ ఉండదు. ఇందులో వాళ్ల తప్పేం లేదు. పశ్చిమ కనుమల అడవి చాలా చిక్కన. అక్కడి పిట్ట ఆకు చాటున ఉండి అరుస్తుందే తప్ప కొమ్మ చివరికొచ్చి కూర్చోదు. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలిసినవాళ్లు ముందు నడవకపోతే మన కంటికి అడవంతా ఒకటే పచ్చదనం. కేరళ కొండల్లో ఈ ముందు నడవడాన్నే బతుకుతెరువుగా, విద్యగా చేసుకున్నవాళ్లున్నారు. వాళ్ల వెంట తట్టేకాడ్‌లో మొదలుపెట్టి మున్నార్, చిన్నార్ మీదుగా పరంబికుళం దాకా వెళ్లే యాత్ర దక్షిణాదిలో పక్షుల కోసం చేయదగ్గ ప్రయాణాల్లోకెల్లా గొప్పదని నా అభిప్రాయం.

కొచ్చి నుంచి కోతమంగళం దాటితే పెరియార్ నది పక్కనే తట్టేకాడ్. విస్తీర్ణం 25 చదరపు కిలోమీటర్లే. 1933లో తిరువాన్కూరు, కొచ్చిన్ సంస్థానాల పక్షుల సర్వేకి వచ్చిన సలీం అలీ ఈ చోటు చూసి ముగ్ధుడయ్యాడు. ద్వీపకల్ప భారతంలో ఇంత పక్షిసంపద ఉన్న చోటు ఇంకోటి లేదన్నది ఆయన మాట. 1983లో ఇది అభయారణ్యమైంది. ఇక్కడికి రావడానికి కొద్దికాలం ముందే, 1931-32లో, ఆయన నిజాం రాజ్యమంతా తిరిగి ఇలాంటి సర్వేనే చేశాడు. అప్పట్లో సర్వే అంటే పక్షిని కాల్చి, చర్మం ఒలిచి, చీటీ కట్టి పెట్టెలో పెట్టడం. ఆ తుపాకి స్థానంలోకి బైనాక్యులర్ వచ్చింది. పక్షి ఎక్కడుందో చెప్పే స్థానికుడి పని మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒక్కటే.

తట్టేకాడ్‌కి ఎవరొచ్చినా మొదట అడిగేది శ్రీలంక ఫ్రాగ్‌మౌత్ గురించే. జానెడుకి కాస్త ఎక్కువ ఉంటుంది. నోరు కప్పనోరంత వెడల్పు. రాత్రి పురుగుల్ని వేటాడి, పగలంతా పొదల్లో, చాలాసార్లు మన ఛాతీ ఎత్తులోనే, జంటగా ఆనుకుని కూర్చుంటుంది. మగది బూడిద రంగు, ఆడది ఎర్రమట్టి రంగు. మనిషి దగ్గరికొస్తే ఎగిరిపోదు. ముక్కు పైకెత్తి, కళ్లు సన్నగా చేసి బిగుసుకుపోతుంది. నాలుగడుగుల దూరంలో ఉన్నా మనకు కనిపించేది రెండు ఎండుటాకులు. గైడ్ వేలెత్తి చూపించడు. అది కొత్తవాళ్లు చేసే పని. మన వెనక్కి వచ్చి, మన భుజం పక్కగా చూస్తూ, "ఆ వాలిన తీగ, దాని మీద విరిగిన రెమ్మ, రెమ్మకి ఎడమ పక్క" అని ఒక్కొక్క మెట్టూ దింపుతాడు. చివరి మెట్టు దిగాక ఎండుటాకుల్లో ఒకదానికి మీసాల్లాంటి వెంట్రుకలు కనిపిస్తాయి. ఆ తర్వాత, ఇంతసేపు ఎలా కనబడలేదా అని ఎవరికి వాళ్లే విసుక్కుంటారు.

అతనికి ఎలా తెలిసిందంటే, ఇది మంత్రం కాదు. ముందు రోజు చీకటి పడ్డాక వాటి అరుపు ఏ దిక్కు నుంచి వచ్చిందో విని ఉంటాడు. పొద్దున్నే ఆ పక్క పొదలు గాలించి ఉంటాడు. జంట ఒకే తావుని కొన్నాళ్లు వదలదని తెలుసు కాబట్టి మనల్ని తిన్నగా అక్కడికే తీసుకెళ్లాడు. మనం చూసిన అయిదు నిమిషాల వెనక అతని రెండు పూటల శ్రమ ఉంది. తట్టేకాడ్‌లో ఈ శ్రమకి శాస్త్రం తోడైంది. సలీం అలీ శిష్యుడు డాక్టర్ ఆర్. సుగతన్ అక్కడే ఏళ్ల తరబడి పనిచేసి చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు పక్షుల్ని నేర్పారు. అభయారణ్యం దగ్గర టీ కొట్టు నడుపుకునే ఒకావిడ అలా నేర్చుకుని పేరున్న గైడ్ అయింది.

పొద్దున ఆరింటికి అడవిలో గైడ్ చేసే మొదటి పని ఏమీ చేయకపోవడం. నిలబడి వింటాడు. పది నిమిషాలు ఒక్క పిట్టా ఉండదు, తర్వాత ఒక్కసారిగా చెట్టంతా కదులుతుంది. చిలుకపచ్చ రంగువి, బూడిద రంగువి, కాండం మీద పాకేవి, ఆకుల అడుగున వెతికేవి, పది పదిహేను రకాలు గుంపుగా వచ్చేస్తాయి. ఇదో ఉమ్మడి వేట. ఒకటి పురుగుల్ని లేపితే ఇంకోటి పట్టుకుంటుంది. తోకకి రెండు పొడవాటి తీగెలు వేలాడే ఏట్రింత, రాకెట్ తోక డ్రాంగో, గుంపుకి కాపలా. డేగ కనబడితే హెచ్చరిస్తుంది, అందుకు కూలిగా, లేచిన పురుగుల్లో తన వాటా తీసుకుంటుంది. దీని గొంతు వినగానే గైడ్ అప్రమత్తమవుతాడు. అయితే ఏట్రింత ఇతర పక్షుల గొంతుల్ని అనుకరించడంలో దిట్ట. డేగ అరుపు విని తలెత్తితే అక్కడ ఏట్రింతే ఉండొచ్చు. ఆ తేడా పట్టడానికి యాప్ చాలదు, ఏళ్లు కావాలి.

గుంపు వెంట పరిగెత్తకూడదు. అది ఏ వైపు సాగుతోందో చూసి, కాస్త చుట్టు తిరిగి ముందుకెళ్లి నిలబడాలి. అప్పుడు పక్షులే మన మీదుగా వెళతాయి. బైనాక్యులర్ విషయంలోనూ అంతే. చాలామంది దాన్ని కళ్లకి పెట్టుకుని కొమ్మలన్నీ వెతుకుతారు. చూపు పిట్ట మీంచి తీయకుండా బైనాక్యులర్‌ని కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలి.

తట్టేకాడ్ నుంచి అడిమాలి మీదుగా కొండెక్కితే పక్షులు మారిపోతాయి. కింద కనబడిన ఎర్రపొట్ట మలబార్ ట్రోగన్ పైన ఉండదు. మున్నార్ చుట్టూ గడ్డికొండలు, వాటి మడతల్లో పొట్టి చెట్లు కిక్కిరిసిన షోలా అడవులు. దక్షిణ భారతంలో ఎత్తయిన శిఖరం ఆనముడి, 2,695 మీటర్లు, ఇక్కడి ఎరవికుళం నేషనల్ పార్కులోనే. షోలాల్లో బతికే చిన్న పిట్టలు చల్లదనం వదిలి కిందికి దిగవు. అందుకే ఉత్తరాన నీలగిరికీ దక్షిణాన ఆనమలైకీ మధ్య సుమారు 30 కిలోమీటర్ల వెడల్పున్న పాలక్కాడ్ లోయ వాటికి సముద్రంతో సమానం. అటుదీ ఇటుదీ లక్షల ఏళ్లుగా కలవక వేరు వేరు జాతులయ్యాయి. 2017లో శాస్త్రవేత్తలు జన్యువులు పరిశీలించి షోలకిళి పిట్టలకీ, ఇక్కడి లాఫింగ్‌థ్రష్‌లకీ కొత్త ప్రజాతులే ఏర్పరిచారు. వాటి పాటల్లో తేడా వినిపించమంటే మంచి గైడ్ రెండూ ఈల వేసి చూపిస్తాడు.

మరయూర్ దాటి చిన్నార్‌లోకి దిగితే తెలుగువాళ్లకి ఇంటికొచ్చినట్టుంటుంది. వానమబ్బులు కొండకి అవతలే కురిసి ఆగిపోవడంతో ఇటు ముళ్లచెట్లు, బండరాళ్లు. ఆ బండల మధ్య పసుపు గొంతు పికిలిపిట్ట ఉంటుంది. హార్స్‌లీ హిల్స్‌లో, రిషి వ్యాలీ చుట్టూ ఉన్న గుట్టల్లో ఉండేదీ ఇదే.

పరంబికుళం కేరళ అడవే అయినా పోవాల్సింది తమిళనాడు మీదుగా. పొల్లాచ్చి నుంచి సేతుమడై, టాప్‌స్లిప్ దాటి. అటూ ఇటూ ఈ కొండలు కాడర్లనే ఆదివాసుల తావు. హార్న్‌బిల్ గురించి వాళ్లకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదంటే అతిశయోక్తి కాదు. పెద్ద చెట్టు తొర్రలో ఆడపక్షి దూరి, పూత పూసి ద్వారం మూసుకుంటుంది. మిగిలేది ముక్కు పట్టేంత చీలిక. నెలల తరబడి మగపక్షి మర్రి, జువ్వి జాతుల పళ్లు తెచ్చి ఆ చీలికలోంచి అందిస్తుంది. కాడర్ గైడ్ పైకి చూడడు, చెట్టు మొదట్లో నేల చూస్తాడు. రాలిన గింజలు తాజాగా ఉన్నాయా, పాతవి మొలకెత్తాయా అన్నదాన్నిబట్టి గూడు నడుస్తోందో ఖాళీ అయిందో చెబుతాడు. ఒకప్పుడు ఈ విద్యంతా పిల్లల్ని తీసి తినడానికి. వాళచ్చాల్ అడవిలో ఆ కాడర్లే ఇప్పుడు అటవీశాఖతో కలిసి గూళ్లకి కాపలా కాస్తూ లెక్కలు రాస్తున్నారు. పెరియార్ పులుల అభయారణ్యంలోనూ, దొంగచాటుగా చెట్ల బెరడు ఒలిచి అమ్ముకున్నవాళ్లు 1990ల చివర్లో పర్యాటకుల్ని నడిపించే గైడ్లయ్యారు. అడవిలో దొంగదారులు తెలిసినవాడికన్నా మంచి కాపలాదారు ఎవరుంటారు?

పక్షుల పుస్తకాల్లో ఈ మనుషుల పేర్లు అరుదు. కడప వైపు కలివి కోడికి ఇంగ్లీషులో జెర్డన్ పేరు పెట్టారు. ఆ జెర్డన్ నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్నప్పుడు అక్కడి జీవజాలం గురించి యానాదుల్ని అడిగి తెలుసుకున్నాడు. 1900 తర్వాత ఎవరికీ కనబడని ఆ పక్షిని 1986లో మళ్లీ లోకానికి చూపించినప్పుడు, దాన్ని ప్రాణాలతో పట్టి తెచ్చింది ఊరి పిట్టలవేటగాడు.

ఈ వృత్తిలో నాకు నచ్చనిదీ ఉంది. ఫోన్లో రికార్డు చేసిన అరుపు వినిపిస్తే, శత్రువు తన తావులోకి వచ్చిందనుకుని పిట్ట బయటికొస్తుంది. ఒకసారి వినిపించి ఆపితే నష్టం లేకపోవచ్చు. రోజుకు నాలుగు బృందాలు వచ్చి అదే పొద దగ్గర అదే పాట మోగిస్తే, మేతా పిల్లలూ వదిలి అది లేని శత్రువుతో పోరాడుతూ ఉంటుంది. గైడ్ స్పీకరు తీయడానికి కారణం చాలావరకు మనమే. ఇన్ని డబ్బులిచ్చాం, ఫొటో రాలేదేం అని నిలదీసేది మనమే కదా. గూటి దగ్గరికి తీసుకెళ్లనని మొహం మీద చెప్పే గైడ్ దొరికితే అతన్ని వదలకండి.

వెళ్లాలనుకునేవాళ్లకి నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. వానల్లో జలగలు మోకాళ్ల దాకా మేజోళ్లు వేసుకున్నా వదలవు. నీలగిరి తార్ అనే కొండమేకలు ఈనే కాలమని ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎరవికుళం మూసేస్తారు. తెల్లబట్టలు వద్దు.

ఇదంతా కేరళ గొప్ప అని వదిలేయలేను. నల్లమలలో చెంచులు పులుల రక్షణ శిబిరాల్లో కాపలాకి, జాడలు పట్టడానికి ఎప్పటినుంచో పనిచేస్తున్నారు. ఫర్హాబాద్‌లో సఫారీ జీపులూ తిరుగుతున్నాయి. నాకు మాత్రం జీపు వద్దు. తెల్లవారుజామున ఒక చెంచు పెద్దాయన వెంట నాలుగు కిలోమీటర్లు నెమ్మదిగా నడవాలి, ఆయన ఆగిన చోటల్లా ఆగాలి. దానికి జీపు టికెట్‌కి రెట్టింపు ఇమ్మన్నా ఇస్తాను, ఆ డబ్బు ఆయన చేతికే అందాలన్న షరతుతో.