పంపినవాడూ భయపడ్డవాడే

పిల్లల మధ్య ఏదో ఘోరమైన వీడియో తిరుగుతోందని తెలిసిన రోజున ఏ బడి స్టాఫ్‌రూమ్‌లోనైనా మొదట వినిపించే ప్రశ్న ఒకటే: ‘ఎవడు పంపాడు?’ ఆ వెంటనే బ్యాగులు వెతకడం, ఫోన్ పట్టుకోవడం, తల్లిదండ్రుల్ని పిలిపించడం. సాయంత్రానికల్లా దోషి దొరుకుతాడు. ఆ వీడియో చూసిన మిగతా పిల్లలు రాత్రి ఎలా పడుకున్నారో మాత్రం ఎవరూ అడగరు. అడగాల్సింది క్లాస్ టీచరే. హైస్కూల్లో తెలుగు చెబుతూ ఏళ్లుగా క్లాస్ టీచర్ బాధ్యత చూస్తున్నదాన్ని కాబట్టి, ఈ వారం ఆ అడగడం గురించే రాస్తున్నాను. బీఈడీలో దీన్నెవరూ నేర్పరు.

ఫోన్ బడికి తేకూడదన్న నిబంధన ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023 ఆగస్టులోనే పిల్లలు బడికి ఫోన్లు తేవడాన్ని నిషేధించింది. క్లాసులోకి టీచర్లు కూడా పట్టుకెళ్లకూడదంది. మంచి నిర్ణయం, నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కానీ వీడియో పిల్లల దాకా రావడానికి బడి గేటు దాటనక్కర్లేదు. ఆటోలో వస్తుంది, ట్యూషన్ అరుగు మీద వస్తుంది. ఇంటర్ చదివే అన్న ఫోన్లో రాత్రి ఒకడు చూసింది పొద్దున ప్రేయర్ అయ్యేసరికి మాటల్లో క్లాసంతా తిరిగేస్తుంది. ఫోన్ ఒకటే ఉంటుంది, దాని చుట్టూ ఏడెనిమిది తలలుంటాయి. చూడాలని వచ్చినవాళ్లు అందులో ఇద్దరో ముగ్గురో. తక్కినవాళ్లు అందరూ ఏం చూస్తున్నారా అని వంగినవాళ్లు, తల తిప్పుకుంటే ‘పిరికోడా’ అంటారని అలాగే నిలబడిపోయినవాళ్లు.

ఎలాంటి వీడియోలంటే, రోడ్డు ప్రమాదాల సీసీటీవీ దృశ్యాలు, నడివీధిలో కత్తిపోట్లు, ఉరి, కుక్కపిల్లని హింసించడం, ఎక్కడో దూరదేశపు యుద్ధంలోనివి. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఆసుపత్రి ముందు జరిగిన హత్య సీసీటీవీ దృశ్యాన్ని టీవీల్లో ఎలా తిప్పితిప్పి వేశారో మనకు గుర్తే. 2022 మే నెలలో సరూర్‌నగర్‌లో ఒక యువకుణ్ణి రోడ్డు మీద చంపుతుంటే చుట్టూ ఉన్నవాళ్లు ఫోన్లు తీశారు. రెండు చోట్లా భార్య కళ్ల ముందే జరిగింది. ఆ ఇద్దరు ఆడపిల్లల బతుకుల్లో అంతకంటే ఘోరమైన క్షణం ఉండదు. అలాంటిది మా ఊళ్లో పదమూడేళ్ల పిల్లాడి ఫోన్ గ్యాలరీలో, పుట్టినరోజు ఫొటోల పక్కన వచ్చి కూర్చుంటోంది.

పిల్లలే వెతుక్కుని చూస్తున్నారనే మాట పెద్దవాళ్ల దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. వెతకనక్కర్లేదు. 2025 ఫిబ్రవరి చివర్లో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌లో రక్తపాతం వరదలా వచ్చిపడింది. తమ వ్యవస్థలో పొరపాటు జరిగిందని మెటా కంపెనీ క్షమాపణ చెప్పింది. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో కాల్పులు జరిపినవాడు దాన్ని లైవ్‌లో ప్రసారం చేశాడు. మొదటి 24 గంటల్లోనే ఆ వీడియో కాపీలు 15 లక్షలు తొలగించామని ఫేస్‌బుక్ ప్రకటించింది. అందులో 12 లక్షలు అప్‌లోడ్ దశలోనే ఆపినవి. తక్కిన 3 లక్షలు జనం ఫోన్లలోకి ఎంతోకొంత దారి చేసుకున్నాకే పోయాయన్నమాట. అంత యంత్రాంగం ఉన్న కంపెనీ వల్లే కానిది, బడి గేటు దగ్గర బ్యాగులు తడిమితే ఆగిపోతుందని నేను నమ్మను. తడమాల్సిందే. అయితే జల్లెడ దాటి వచ్చేది ఎప్పుడూ కొంత ఉంటుందనే లెక్కతో మన పని మొదలుపెట్టాలి.

నా క్లాసులో ఒక పిల్లాడు ఉన్నట్టుండి రోజూ ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. అంతకుముందు వాళ్ల నాన్న బండి మీద దింపి వెళ్లేవాడు. ఇప్పుడు నడిచొస్తున్నాడు, చెమటతో, చొక్కా వీపుకి అతుక్కుపోయి. ఇంట్లో ఏదో గొడవ అనుకుంది స్టాఫ్‌రూమ్. మధ్యాహ్నం భోజనాలయ్యాక కాంపోజిషన్ పుస్తకాలు సర్దే పని వాడికి అప్పజెప్పి, నేనూ పక్కన కూర్చున్నాను. ‘బండి రిపేరా నాన్నా?’ అన్నాను. లేదన్నాడు. కొన్ని పుస్తకాలు సర్దాక, ‘టీచర్, బైక్ లారీ కిందకెళ్లిపోతే వెనక కూర్చున్నోళ్లే ముందు పోతారా?’ అని అడిగాడు. అప్పుడు బయటికొచ్చింది. స్నేహితుడు పంపిన సీసీటీవీ వీడియో అది. తండ్రీ కొడుకూ బండి మీద వెళుతుంటారు. ‘సౌండ్ లేదు టీచర్. అందుకే ఇంకా...’ అని ఆగాడు. సౌండ్ లేకపోవడంతో ఆ శబ్దాన్ని వాడు తన తలలో తానే చేసుకున్నాడు. లారీ హారన్ వినిపించినప్పుడల్లా అది మళ్లీ మోగుతోంది.

వాడు బండి ఎక్కననడం వాళ్ల నాన్న దృష్టిలో మొండితనం. ఒక వీడియో చూస్తే ఇంత ఉంటుందా అని ఆయన అడిగిన ప్రశ్నలో తప్పేమీ లేదు, చాలామంది పెద్దవాళ్లకి ఉండే సందేహమే. 1995లో అమెరికాలోని ఓక్లహోమా సిటీలో బాంబు పేలిన రెండేళ్లకు, ఆ నగరానికి దూరంగా ఉన్న ఆరో తరగతి పిల్లల్ని పరిశోధకులు పరిశీలించారు. వాళ్లెవరూ పేలుడు చూసినవాళ్లు కాదు. టీవీలోనూ పత్రికల్లోనూ చూశారంతే. ఆ వార్తల్ని ఎక్కువగా చూసిన పిల్లల్లో భయం తాలూకు లక్షణాలు అప్పటికీ ఎక్కువగా ఉన్నాయని తేలింది. అది ఇంట్లో అమ్మానాన్నల మధ్య కూర్చుని చూసే టీవీ. ఇప్పటి పిల్లాడు దుప్పట్లో, ఒక్కడే, మొహానికి జానెడు దూరంలో చూస్తున్నాడు. కావాలంటే పదిసార్లు వెనక్కి తిప్పుకుంటున్నాడు కూడా.

ఇక ఆ వీడియో పంపిన పిల్లాడు. వాణ్ణి ఆఫీసు రూమ్‌లోకి పిలిస్తే ఏం చెబుతాడో నాకు తెలుసు: ‘నేను కాదు టీచర్, నాకూ ఎవరో పంపారు.’ అందుకని పిలవలేదు. లైబ్రరీ పీరియడ్‌లో పక్కన కూర్చోబెట్టుకుని, పంపేముందు నీకేమనిపించింది అని మాత్రం అడిగాను. చాలాసేపు పుస్తకం అట్ట గోకుతూ కూర్చుని, ‘నాకు నిద్ర పట్టలేదు టీచర్. వాడిక్కూడా పట్టదేమోనని చూశా’ అన్నాడు.

ఈ జవాబు రకరకాల మాటల్లో నేను చాలామంది పిల్లల దగ్గర విన్నాను. ‘ఒక్కణ్ణే చూశానని ఎలాగో ఉంది.’ ‘వాడేమంటాడో చూద్దామని.’ పిల్లలు ఇలాంటి వీడియోలు క్రూరత్వంతో పంచుకుంటారని పెద్దలు అనుకుంటారు. అలాంటివాళ్లు లేరనను, ఎదుటివాణ్ణి ఏడిపించడానికే పంపేవాళ్లూ ఉన్నారు. కానీ ఎక్కువమంది మోయలేక పంపుతున్నారు. అమ్మకి చెబితే ఫోన్ లాక్కుంటుంది, నాన్నకి చెబితే కొడతాడు, టీచర్‌కి చెబితే స్టాఫ్ అందరి ముందూ నిలబెడుతుంది. చెప్పుకునే దారులన్నీ మూసుకుపోయాక ఫార్వర్డ్ బటన్ ఒకటే మిగిలింది. ‘నేనొకటి చూశాను, భరించలేకపోతున్నాను’ అన్న మాటే ఆ వీడియో రూపంలో పక్కవాడికి చేరుతోంది. అందుకే పంపినవాణ్ణి శిక్షించడంతో మొదలుపెట్టిన బడిలో, తర్వాతిసారి ఎవరూ ఏమీ చెప్పరు. పంపడం మాత్రం ఆగదు.

అడగడంలో నాకు అలవాటైన పద్ధతులు కొన్ని ఉన్నాయి. ఎదురుగా కూర్చోబెట్టి అడగను. చేతిలో ఏదో పని ఉన్నప్పుడు, పక్కపక్కన ఉన్నప్పుడు అడుగుతాను. ఆ వీడియో నాకు చూపించమని ఎప్పుడూ అనను, అంటే ఆ పిల్లాడు దాన్ని ఇంకోసారి చూడాలి. మొత్తం కథ చెప్పమనను. ‘అందులో ఏ ముక్క మళ్లీ మళ్లీ గుర్తొస్తోంది?’ అంటే చాలు. పిల్లలకు కథంతా గుర్తుండదు. ఒక చెప్పు పడి ఉండటమో, ఒక చెయ్యి కదలడమో, బ్యాక్‌గ్రౌండ్‌లో మోగుతున్న సినిమా పాటో, అదే పట్టుకుంటుంది. ‘అదేం లేదు, మర్చిపో’ అని చచ్చినా అనను. మర్చిపోగలిగితే వాడు నా దాకా రాడు.

ఎమిలీ హోమ్స్ అనే శాస్త్రవేత్త ఆక్స్‌ఫర్డ్‌లో చేసి 2009లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. కొందరికి భయంకరమైన దృశ్యాలున్న ఫిల్మ్ చూపించి, అరగంట తర్వాత వాళ్లలో సగంమందిని టెట్రిస్ అనే వీడియో గేమ్ ఆడమన్నారు. ఆడినవాళ్లకు ఆ తర్వాతి వారంలో ఆ దృశ్యాలు తమంతట తామే గుర్తుకు రావడం తగ్గింది. కంటికీ చేతికీ పని తగిలితే ఆ బొమ్మ మనసులో గట్టిపడే వీలు తగ్గుతుందన్నది దాని వెనక ఆలోచన. పెద్దవాళ్ల మీద, ప్రయోగశాలలో చేసిన పని అది. మా బడి పిల్లలకు అచ్చంగా అదే పనిచేస్తుందని నేను చెప్పను. అయినా ఇలాంటిది చూసొచ్చిన పిల్లల్ని మాట్లాడాక ఊరికే వదిలెయ్యను. నోటీసు బోర్డుకి బొమ్మ వెయ్యమంటాను, క్యారమ్స్ ఆడమంటాను, చుక్కల ముగ్గు దించమంటాను. మగపిల్లలకూ ముగ్గే ఇస్తాను, బాగా వేస్తారు.

మరొకటి ముందుగానే చేయించేది: ‘నాకొద్దు’ అనడం. తేలికని అనుకుంటాం గానీ కాదు. ఎనిమిదో తరగతి మగపిల్లాడు ఎనిమిదిమంది మధ్య నిలబడి తల తిప్పుకోవడానికి చాలా ధైర్యం కావాలి. క్లాసులో నాటకంలా వేయిస్తాం. ఒకడు ఫోన్ బదులు డస్టర్ పట్టుకుని ‘రేయ్, దమ్ముంటే చూడు’ అంటాడు. రెండోవాడు ‘నాకొద్దురా, తియ్యి’ అని నడిచి వెళ్లిపోవాలి. మొదటిరోజు అందరూ నవ్వుతారు. నాలుగోసారికి ఆ వాక్యం నోట్లో కుదురుకుంటుంది. దాంతోపాటు మా బడిలోని ఐఎఫ్‌పీ (ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్) తెర మీద రిపోర్టు చేయడం, బ్లాక్ చేయడం చూపిస్తాను. గ్రామీణ విద్య మీద జరిగే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో 14-16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. సోషల్ మీడియా వాడేవాళ్లలో ఒక ప్రొఫైల్‌ని బ్లాక్ చేయడమో రిపోర్టు చేయడమో తెలిసినవాళ్లు 62 శాతమే. అంటే ప్రతి పదిమందిలో దాదాపు నలుగురికి తలుపు తెరవడమే వచ్చు, వేయడం రాదు.

తల్లిదండ్రులకు చెప్పేటప్పుడు మొహమాటపడను. ఈ వీడియోల్లో చాలావరకు పెద్దవాళ్ల గ్రూపుల్లోంచి వచ్చినవే. ఊరి గ్రూపు, కులం గ్రూపు, బంధువుల గ్రూపు. ‘జాగ్రత్త, అందరికీ పంపండి’ అని రాసి మరీ పంపుతారు. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారన్న వీడియోలు రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎంత పని చేశాయో, అమాయకుల్ని ఎలా కొట్టి చంపారో చూశాం. అందులో బాగా తిరిగిన వీడియో ఒకటి, నిజానికి కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. చివర్లోని సందేశం కత్తిరించి తిప్పారు. ఆ రోజుల్లో జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను ఊళ్లకు పంపి, జానపద కళాకారులతో పాడించి, వచ్చిన వీడియోనల్లా నమ్మొద్దని ఇంటింటికీ చెప్పించారు. ఊరి వాళ్లకు ఊరి భాషలో, ఎదురుగా నిలబడి చెప్పారు కాబట్టే వాళ్లు విన్నారని నా నమ్మకం. పేరెంట్స్ మీటింగులో నేను చేయాలని చూసేది అదే. ఫోన్ బయటికి తీయించి, అక్కడికక్కడే వాట్సాప్ సెట్టింగ్స్‌లో ఆటో-డౌన్‌లోడ్ ఆపు చేయిస్తాను. ఎవరు పడితే వాళ్లు గ్రూపుల్లో కలపకుండా ప్రైవసీ మార్పిస్తాను. గ్యాలరీలో తీసేసింది ట్రాష్‌లో ఉండిపోతుందని, అక్కడా తీసేయాలని చూపిస్తాను.

ఒక్క రకం వీడియో విషయంలో ఇదంతా పక్కన పెట్టాలి. పిల్లల మీద లైంగిక హింస ఉన్నదైతే దాన్ని హెడ్మాస్టర్‌కి కూడా ఫార్వర్డ్ చేయకూడదు, తీసేసి ఊరుకోనూ కూడదు. తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం అంటోంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయొచ్చు. టీచర్లు ఇక్కడ బడి పరువు గురించి ఆలోచించడం నాకు భరించరానిదిగా ఉంటుంది.

బండి ఎక్కని పిల్లాడి తండ్రి మీటింగుకి వచ్చారు. పంపినవాడి పేరు అడుగుతారనుకున్నాను. అడగలేదు. ‘ఎన్నాళ్లు పడుతుంది మేడం?’ అన్నారు. చాలామంది పిల్లలకి కొన్ని వారాల్లో తగ్గుతుందని చెప్పాను. నెల దాటినా నిద్ర సరిగా పట్టకపోతే, తిండి తగ్గితే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, కావాలంటే జిల్లా ఆసుపత్రికి నేనూ వస్తానన్నాను. ఈలోగా బండి ఎక్కమని బలవంతం చేయొద్దు, వాడితోపాటు నడవండి అన్నాను. పొద్దున్నే పనికి వెళ్లాలి మేడం, ఎలా కుదురుతుంది అన్నారాయన. ఇద్దరం లెక్కేసుకున్నాం. వారంలో రెండు రోజులు ఆయన నడుస్తారు, తక్కిన రోజులు అదే వీధిలోంచి వచ్చే తొమ్మిదో తరగతి పిల్లలతో పంపుతారు. ఆలస్యమైతే అటెండెన్స్ సంగతి నేను చూసుకుంటాను.