తుమ్మమొద్దు సెగ

వంటింటి పొయ్యిలో నల్లతుమ్మ మొద్దును చక్కగా మండింపగల యిల్లాలి నేర్పు మన గృహవిద్యలలో మిక్కిలి గౌరవింపదగినది. తూకమునకు తూకముగా చూచినచో ఏ ఎండుకట్టెయైనను ఇంచుమించు సమానమైన వేడినే యిచ్చును. కాని చేవదేఱిన తుమ్మయు, చింతయు తమ సాంద్రతచేత, అదే పొయ్యిలో పట్టు కొద్దిచోటున అధికమైన ఇంధనమును నిలుపుకొని, ఎసరు మఱిగి, అన్నముడికి, పప్పు మెదుగువఱకును నిలుకడగల సెగను ప్రసాదించును.

ఆమె మొదట మొద్దుల కొసలను పరిశీలించును: నెఱ్ఱెలు విచ్చి, ఒకదానితో నొకటి తాకించినప్పుడు ఖంగున మ్రోగినచో అవి ఆరినవని గ్రహించును; ఏలయనగా, తేమ 20 శాతమునకు బాగుగా మించిన కట్టె తన వేడిలో కొంతపాలు తన నీటిని ఆవిరిచేయుటకే వ్యయపఱచి, ఇంటికి పొగను, కుండకు మసిని మిగుల్చును. పిమ్మట చితుకులతో మంట లేపి, సన్నని పేళ్ళను అంటించి, నిప్పులు పేరిన తరువాతనే రెండు పెద్దమొద్దులను, నడుమ వ్రేలెడు సందు విడిచి, ఎదురెదురుగా చేర్చును. ఒంటిమొద్దు తఱచు చల్లారిపోవును గాని, జంటమొద్దులు ఒకదాని సెగను మఱియొకటి గ్రహించుచు జ్వలించును. మంట హెచ్చినచో వెనుకకు లాగుట, తగ్గినచో లోనికి నెట్టుట, ఆ పొయ్యికి ఇంతకుమించిన మీట లేదు. రాత్రి వంట ముగిసిన పిదప బూడిద కప్పి దాచిన ఆ నిప్పులే, తెల్లవాఱి ఊదుగొట్టముతో నాలుగుమార్లు ఊదినంతనే, మరల రాజుకొనును.

ఇంతటి నేర్పుగల చేతులకు ఋణపడిన మనము, ఆ పొయ్యిపై పొగగొట్టమును నిలిపి, ఆమె కన్నులను, ఊపిరితిత్తులను కాపాడుట కనీసధర్మము.