గోడ పిల్లలదైతే

మన్యం బళ్ళ గోడల మీద ఈమధ్య వర్లీ బొమ్మలు ఎక్కువయ్యాయి. రెండు త్రిభుజాల కొనలు కలిపితే మనిషి, చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడితే ఆట. చూడ్డానికి బాగుంటాయి, పెయింటరుకీ సులువు. కానీ అవి మహారాష్ట్రలో పాల్ఘర్ వైపు వర్లీలవి. సాలూరులో పొద్దున్న బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరగల గుమ్మలక్ష్మీపురం కొండల్లో సవరలు ఉండగా, అంత దూరం నుంచి అరువెందుకో నాకు అర్థం కాదు.

సవర బొమ్మ పుట్టే తీరు వేరు. ఎర్రమట్టి అలికిన గోడ మీద, నూరిన బియ్యప్పిండితో, కొన నలగ్గొట్టిన వెదురుపుల్లతో గీస్తారు. ముందు అంచు. ఆ అంచే ఇల్లు. అది తేలాక మనుషులు, ఏనుగులు, పిట్టలు, చెట్లు, సూర్యుడు, చంద్రుడు ఒక్కొక్కటే లోపలికి వచ్చి చేరతాయి.

ముప్ఫైమంది పిల్లలు ఒకే గోడ మీద పడితే ఏమవుతుందో మేస్టార్లకి చెప్పక్కర్లేదు. నడిమధ్య చోటు కోసం తోపులాట, గడుసువాడిదే గోడ. అంచుతో మొదలుపెడితే ఆ గొడవ చాలావరకు పోతుంది. చుట్టూ అందరికీ చోటుంటుంది. ఒకటో తరగతి వాళ్ళకి కింది అంచు, ఐదో తరగతి వాళ్ళకి బల్లలేసి పై అంచు. మేం బొమ్మలేయించిన బడిది సిమెంటు గోడ. దానికి మట్టి నిలవదు కాబట్టి ఆ రంగు ఎమల్షన్ కొన్నాం. తెలుపూ డబ్బా రంగే. పుల్లలు మాత్రం వెదురువి. సంక్రాంతి ముగ్గుల అలవాటున్న ఆడపిల్లలు వేళ్ళతో కొలిచి చకచకా చుక్కలు పెట్టేశారు. సాలూరు చుట్టుపక్కల ఒకే తరగతిలో జాతాపు, కొండదొర, గదబ పిల్లలు కూర్చుంటారు. అందుకని అంచంతా ఒకే వరసలో ఉండాలన్న పట్టు నేను పట్టలేదు. కోరాపుట్ వైపు గదబ ఆడవాళ్ళు నేసిన కెరంగ గుడ్డలోని ఎర్ర, నీలి, తెల్ల అడ్డచారలు చిన్నవాళ్ళ చేతికి ఇట్టే వస్తాయి. చార వంకరపోతే పోనివ్వాలి. దిద్దామా, ఆ పిల్ల మళ్ళీ పుల్ల ముట్టదు.

అసలు జాగ్రత్త మరొకటుంది. సవరలకి గోడబొమ్మ అలంకారం కాదు. జబ్బు చేసినప్పుడో, చనిపోయిన పెద్దలు కలలోకొచ్చి అడిగినప్పుడో, పంట బాగుండాలనో, గోడ మీద ఇల్లు గీసి, నైవేద్యం పెట్టి వాళ్ళని పిలుస్తారు. సవరల మతం మీద వెరియర్ ఎల్విన్ రాసిన పుస్తకంలో (1955) ఇదంతా వివరంగా ఉంది. అలాంటి బొమ్మని ఉన్నదున్నట్టు బడి గోడకి దింపడం తప్పనే అంటాను. ఒక సవర పెద్దాయన్ని అడిగితే, "బొమ్మలేసుకోండి బాబూ. పిలిచే బొమ్మని మటుకు ఇంట్లోనే ఉండనీండి" అన్నాడు. అంచూ, గీసే పద్ధతీ తీసుకున్నాం. లోపల ఏముండాలో పిల్లలకే వదిలేశాం.

ఇంటి సంగతుల్ని బడిలోకి తేవడం ఈ ప్రాంతానికి కొత్తేం కాదు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకి వాళ్ళ మాటల్లోనే పుస్తకాలు రాసి, సొంత ఖర్చుతో బళ్ళు పెట్టారు. మాట ఎప్పుడో వచ్చింది, గీతే ఇంకా గుమ్మం దగ్గర నిలబడింది.

లోపలికి ఏమొచ్చాయంటారా? కొండలు, కోళ్ళు, వేగావతి ఏరు, శంబర పోలమాంబ జాతర సిరిమాను. ఆ తరవాత లారీ. బాడీ కట్టే షెడ్లున్న సాలూరులో లారీ రాకుండా ఎలా ఉంటుంది? "ట్రైబల్ ఆర్టులో లారీ ఏటండీ" అని ఒక మేస్టారు అడ్డుపడ్డారు. ఎల్విన్ చూసిన సవర గోడల మీదే సైకిళ్ళూ విమానాలూ ఉన్నాయని చెప్పాల్సి వచ్చింది. కొండవాళ్ళ కంట పడిందల్లా గోడెక్కింది. అడవీ జింకలే గీయాలన్న నియమం మనం పెట్టిందే.

లారీ వేసిన గుంటడు నంబరు ప్లేటు మీద ఏపీ 35 అని రాశాడు. వాళ్ళ నాన్న నడిపే బండి ఆ సిరీసే. "ఇప్పుడు కొత్త బళ్ళకి 39 కదేటి!" అని పక్కవాడు తగులుకున్నాడు. ఇద్దరూ తగ్గలేదు. ఏటి పక్కన కాస్త ఖాళీ ఉంటే అక్కడ ఏపీ 39 లారీ కూడా వచ్చింది.